గోల్ దగ్గర చుట్టుకున్న అలుగు

ఇంతవరకూ ఎవరితోనూ పైకి అనని మాట ఒకటుంది. నేను కాలేజీ ఆడపిల్లలకి ఫుట్‌బాల్ నేర్పుతాను, కానీ నాకు కోపం రాదు. తెచ్చుకుందామని అద్దం ముందు నిలబడి కనుబొమ్మలు ముడిచి, పళ్ళు కొరికి కూడా చూశాను. అద్దంలో ఉన్నదాన్ని చూసి నవ్వొచ్చింది. నాకు ఆట ఎవరూ నేర్పలేదు. గోదాము గోడకి బంతి తన్ని తన్ని నేర్చుకున్నాను. గోడ తిట్టదు, మెచ్చుకోదు. అందుకే "కోచ్ అంటే గడగడలాడించాలి" అని ఒకరూ, "కాదు, పిల్లల మనసు గెలవాలి" అని ఇంకొకరూ వాదించుకుంటుంటే నేను మధ్యలో నీళ్ళు నములుతూ కూర్చుంటాను. నోటితో తేలనిది కాగితం మీదైనా తేలుతుందేమోనని ఈ కథ మొదలుపెట్టాను. మనుషుల్ని పెట్టి రాస్తే ఎవరో ఒకరు తమ గురించే అనుకుంటారు. జంతువులైతే ఆ గొడవ లేదు.

బుగ్గవాగుకి రెండు గట్లు. మిట్టగట్టు మీద ఒక కాలేజీ, పల్లపుగట్టు మీద ఒక కాలేజీ. ఎండలు ముదిరేసరికి వాగంతా ఇసుకైపోయి, నడుమ ఒక్క మడుగు మిగులుతుంది. ఆ మడుగులో ముందు ఎవరు తాగాలన్నది ఆ అడవిలో కొమ్ములతోనో కోరలతోనో తేల్చుకోరు. వాగు ఇసుకలో ఫుట్‌బాల్ ఆడి తేల్చుకుంటారు. గెలిచిన గట్టువాళ్ళు తెల్లారగానే దిగి తేటనీళ్ళు తాగుతారు. ఓడిన గట్టువాళ్ళు, వాళ్ళు తాగి, దొర్లి, తొక్కి వెళ్ళాక మిగిలిన బురదని పళ్ళ మధ్య వడకట్టుకోవాలి. మళ్ళీ వానలు పడేదాకా అంతే.

మిట్టగట్టువాళ్ళు ఏళ్ళ తరబడి బురదే తాగుతున్నారు.

వాళ్ళ జట్టుకి కోచ్ అడవిపంది కోరప్ప. ఆట తెలిసినవాడే. ఎవరు ఎక్కడ నిలబడాలో, గాలి ఎటు వీస్తే బంతి ఎటు తిరుగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. అయితే చెప్పడు, అరుస్తాడు. ఆయన అరిస్తే చెట్టు మీది కాయలు రాలేవి. ముందు వరసలో ఆడే జింక చెంగమ్మ కాళ్ళు వణికేవి. అందరికన్నా కష్టం గోల్‌కీపర్ పొలుసయ్యది. పొలుసయ్య అలుగు. ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులు, పొడుగు తోక, నెమ్మది మనిషి. అలుగు జాతికి భయమేస్తే చేసే పని ఒక్కటే: తల కడుపులో దోపుకుని, తోక పైన కప్పుకుని, గుండ్రంగా చుట్టుకుపోవడం.

"ఒరే పొలుసయ్యా, నిన్ను గోల్ దగ్గర నిలబడమన్నానా, పడుకోమన్నానా?"

"పడుకోలేదు సార్. చుట్టుకున్నాను."

"ఎందుకు చుట్టుకున్నావ్?"

"మీరు అరిచారు సార్."

"నేనెక్కడ అరిచానురా?" అని కోరప్ప అరిచాడు. పొలుసయ్య మళ్ళీ చుట్టుకున్నాడు.

ఇక్కడ ఆ అడవి బంతి సంగతి చెప్పాలి. అడవితీగల్ని ఉండగా చుట్టి, జిగురు పూసి, పైన ఎండు మోదుగాకులు ఒకదాని మీద ఒకటి అంటిస్తారు. ఎండిపోయాక దూరం నుంచి చూస్తే అచ్చం చుట్టుకున్న పొలుసయ్యలాగే ఉంటుంది. పోయినేడు ఆట చివర్లో బంతి మీదికొస్తుంటే కోరప్ప "పట్టుకోరా" అని గట్టెగిరిపోయేలా అరిచాడు. పొలుసయ్య చుట్టుకున్నాడు. పల్లపుగట్టు జట్టులో మొనగాడు దుమ్ములగొండి గొండప్ప, ఆ ఇసుక దుమ్ములో ఏది ఏదో తెలియక ఒక తన్ను బంతినీ ఒక తన్ను పొలుసయ్యనీ తన్నాడు. రెండూ గోల్లో పడ్డాయి. పల్లపుగట్టు కోచ్ నక్క మెత్తప్ప, రెండు గోల్స్ ఇవ్వాల్సిందేనని రిఫరీ తాబేలుతో పొద్దుగూకేదాకా వాదించాడు.

ఈ ఏడు ఎండలు మొదలవగానే మెత్తప్ప మిట్టగట్టుకి చుట్టపుచూపుగా వచ్చాడు. ప్రిన్సిపాల్ అడవిదున్న దున్నయ్యగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అవతలి గట్టువాణ్ణి, నాకెందుకు చెప్పండి. కానీ మీ పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతోంది దున్నయ్యగారూ. ఆ కోరప్ప కేకలు మా గట్టుదాకా వినపడతాయి. చదువుకునే పిల్లలండీ, వాళ్ళకి కావలసింది కాస్త ప్రేమ."

"ఏం చేయమంటావ్ మెత్తప్పా?"

"ఇంట్లో తేనెతుట్టె పెట్టుకుని ఊరంతా వెతుకుతారేం? హాస్టల్ వార్డెన్ జుంటక్క ఉందిగా."

జుంటక్క ఎలుగుబంటి. ఆవిడ పేరు వింటే పిల్లలందరికీ నోరూరుతుంది. ఎవరికి జ్వరమొచ్చినా తేనె నాకించి, ఒళ్ళో పడుకోబెట్టుకునే మనిషి. దున్నయ్యగారు ఓట్లు పెట్టారు. కోరప్పకి ఒక్క ఓటు పడింది, అదీ తను వేసుకున్నదే. కోరప్ప ఈల తీసి జుంటక్క చేతిలో పెట్టి, గట్టు కింద తన బురదగుంటలోకి వెళ్ళి కూర్చున్నాడు.

మెత్తప్ప వాగు దాటుతూ తనలో తాను నవ్వుకున్నాడు. కోరప్ప జట్టుకి భయమైనా ఉండేది, జుంటక్క జట్టుకి అదీ ఉండదని అతని లెక్క.

లెక్క తప్పలేదు. మైదానంలో పండగే పండగ. చెంగమ్మ ఎండెక్కాక వస్తే జుంటక్క "నిద్ర చాలిందా తల్లీ?" అనేది. బంతి చేజారితే "పోనీలే బంగారం, బంతే కదా" అనేది. పరుగులు తగ్గాయి, తేనె పెరిగింది, పొట్టలూ పెరిగాయి. చేయి తిరగడానికని కుందేలు పిల్లల బడి జట్టుతో ఒక ఆట పెట్టుకుంటే, పాలపళ్ళు ఊడని పిల్లల చేతిలో ఓడిపోయి వచ్చారు.

"మనం ఓడిపోలేదర్రా," అంది జుంటక్క. "వాళ్ళు గెలిచారు, అంతే."

అందరూ నవ్వారు. పొలుసయ్య నవ్వలేదు.

"అక్కా, ఒక మాట. నేను చుట్టుకోవడం తప్పా?"

"ఛ, తప్పేమిట్రా. ఎంత ముద్దుగా చుట్టుకుంటావో. ఇదిగో, ఇంకాస్త తేనె."

ఆ సాయంత్రం పొలుసయ్య తేనె ముట్టకుండా గట్టు దిగి బురదగుంట దగ్గరికి వెళ్ళాడు. కోరప్ప బురదలోంచి ఒక కన్ను తెరిచాడు.

"ఏం, నన్ను ఎగతాళి చేసి రమ్మని పంపారా?"

"కాదు సార్. తిట్టించుకుందామని వచ్చాను."

"మీ అక్క ఉందిగా, ముద్దులాడటానికి."

"అక్క దగ్గర నాకు భయం లేదు సార్. కానీ నా తప్పేమిటో ఆవిడ చెప్పదు. మీ దగ్గర తప్పు తెలుస్తుంది. కానీ మీరు నోరు తెరవగానే నా చెవులు కడుపులోకి వెళ్ళిపోతాయి. ఇలాగైతే ఈ ఏడూ బురదే సార్. మా చిన్న చెల్లెలు పాలు మరిచింది ఈ మధ్యే. దానికి మొదటిసారి తాగించే నీళ్ళు బురదనీళ్ళు కాకూడదని ఉంది."

కోరప్ప నోరు తెరిచాడు. అరవబోయి, పొలుసయ్య తల అప్పుడే వంగుతుండటం చూసి ఆగాడు. ఆయన బతుకులో అరవబోయి ఆగడం అదే మొదలు. ఎప్పుడూ ఎవరినీ అడగనిది ఒకటి అడిగాడు.

"చుట్టుకున్నప్పుడు నీకేం కనిపిస్తుందిరా?"

"ఏమీ కనపడదు సార్. అంతా చీకటే."

"మరి?"

"తెలుస్తుంది సార్. కడుపు ఇసుకకి ఆనుకుని ఉంటుంది కదా. ఎవరి కాళ్ళు ఎటు పరిగెత్తుతున్నాయో, బంతి ఎటు దొర్లుతోందో తెలిసిపోతుంది. కళ్ళు తెరిచి నిలబడితేనే దుమ్ములో ఏమీ తెలియదు."

కోరప్ప బురదలోంచి లేచి నిలబడ్డాడు. ఒంటి మీంచి నీళ్ళు కారుతున్నాయి. "ఇన్నేళ్ళూ ఈ ముక్క చెప్పలేదేంరా?"

"మీరు అడగలేదు సార్."

ఆ మాట కోరప్పకి కోర విరిగినంత తగిలింది. కాసేపు తల దించుకుని ఇసుక గీకాడు. తర్వాత తిన్నగా జుంటక్క గుహకి నడిచాడు, పొలుసయ్య వెనకాల దొర్లుకుంటూ.

"వదినా, ఈల నాకొద్దు. కానీ నీ పిల్లలు చెడిపోతున్నారు," అన్నాడు.

జుంటక్క కళ్ళు తుడుచుకుంది. "నాకు తెలియదా కోరప్పా? కుందేలు పిల్లల చేతిలో ఓడినప్పుడు నాకూ కడుపు మండింది. కానీ నాకు తిట్టడం చేతకాదు. ఒక్క మాటంటే ఆ మొహాలు వాడిపోతాయి."

"తిట్టమని ఎవరన్నారు? ఉన్నది చెప్పు. వాళ్ళకి నువ్వంటే ప్రాణం. నేను చెబితే పారిపోయే మాట నువ్వు చెబితే నిలబడి వింటారు."

"మరి నువ్వు?"

కోరప్ప పొలుసయ్య వైపు తిరిగాడు. "నేను అరవను. ఒరే, ఇది నీకు ఇస్తున్న మాట. ఆట జరిగినంతసేపూ నోట్లో కందగడ్డ కుక్కుకుని గట్టు మీద కూర్చుంటాను. నా నోట్లోంచి కేక రాదు. నువ్వు చుట్టుకో, నిలబడు, నీ ఇష్టం. నీ కడుపు చెప్పింది చెయ్యి."

ఆ రోజు నుంచి మైదానంలో ఈల జుంటక్కదే. సాయంత్రాలు బురదగుంట పక్కన పాఠం కోరప్పది. గొంతు తగ్గించి మాట్లాడటం అలవాటులేక మొదట్లో ఆయనకి దగ్గొచ్చేది.

ఆటరోజు వచ్చింది. రెండు గట్లూ కిటకిటలాడిపోయాయి. నెమళ్ళు కొమ్మలెక్కాయి, ఉడతలు నెమళ్ళ మీదెక్కాయి. ఆ ఆటకి నియమం ఒకటుంది: కోచ్‌లు గీత దాటకూడదు. గీత అవతల నిలబడి నోరు మాత్రం ఎంతైనా వాడుకోవచ్చు. సూర్యుడు కొండకి తగిలితే ఆట అయిపోయినట్టు.

మెత్తప్ప గీత మీద తోక ఊపుకుంటూ నిలబడ్డాడు. జుంటక్క మెత్తదని తెలిసినా, నక్క ఒకే దారిని నమ్ముకుని ఎప్పుడూ రాదు. గోల్ పక్కనున్న తుమ్మచెట్టు ఆకుల్లో ఒక గోరువంకని కూర్చోబెట్టాడు. ఎవరి గొంతునైనా దించేసే పిట్ట అది. నెలంతా దానికి కోరప్ప కేకలు నేర్పించాడు.

"నేను తోక ఎత్తినప్పుడు కూయాలి. గుర్తుందా?"

"గుర్తుందిరా వెధవా," అంది గోరువంక, కోరప్ప గొంతుతో.

"నన్ను కాదే," అన్నాడు మెత్తప్ప, ఉలిక్కిపడి.

ఆట మొదలైంది. గొండప్ప పరుగులకి ఇసుక పొగలా లేచింది. కాసేపటికే పల్లపుగట్టు ఒక గోల్ కొట్టింది. అవతలి గట్టు మీద డప్పులు మోగాయి. విరామంలో మిట్టగట్టు జట్టంతా జుంటక్క చుట్టూ చేరి, ఎప్పట్లాగే తేనె కోసం మూతులు చాపింది. జుంటక్క తేనెముంత మీద చేయి పెట్టింది.

"చెంగమ్మా, నువ్వివాళ ఆడటం లేదే. గట్టు మీద మగజింకలు చూస్తున్నాయని గెంతుతున్నావు. బంతి నీ దగ్గరికొచ్చిన ప్రతిసారీ మెడ తిప్పుకున్నావు. నేను లెక్కపెట్టలేదు గానీ నాకు సిగ్గేసింది."

చెంగమ్మ కళ్ళు పెద్దవైపోయాయి. అక్క నోట అలాంటి మాట ఎవరూ వినలేదు. "నిజంగానా అక్కా?"

"నిజంగానే. నీ అంత పరిగెత్తేవాళ్ళు ఈ అడవిలో లేరు. అదీ నిజమే."

ఆట మళ్ళీ మొదలవగానే చెంగమ్మ బాణంలా దూసుకుపోయింది. ముగ్గురిని దాటింది, గోల్‌కీపర్ కొండముచ్చు కాళ్ళ సందులోంచి కొట్టింది. సమం. ఇప్పుడు మిట్టగట్టు మీద చెట్లు ఊగాయి. గట్టు మీద కోరప్ప లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. బుగ్గలు ఉబ్బాయి, కళ్ళు ఎర్రబడ్డాయి, నోట్లో కందగడ్డ సగం నలిగిపోయింది. కేక మాత్రం రాలేదు.

సూర్యుడు కొండకి బెత్తెడు ఎత్తులో ఉన్నాడు. రిఫరీ తాబేలు ఒక కన్ను బంతి మీద, ఒక కన్ను కొండ మీద వేసి నిలబడ్డాడు. గొండప్ప బంతి తీసుకుని ఒంటరిగా గోల్ మీదికొస్తున్నాడు. దుమ్ము. మెత్తప్ప తోక ఎత్తాడు.

"పొలుసయ్యా! చూస్తావేంరా చచ్చు వెధవా!"

అచ్చం కోరప్ప గొంతే. మిట్టగట్టు జట్టంతా ఉన్నచోటే కొయ్యబారింది. పొలుసయ్య తల కడుపులోకి, తోక తల మీదికి, అంతా తనంతట తానే జరిగిపోయింది. చీకటి.

ఆ చీకట్లో అతనికి ఒకటే ఆలోచన. సార్ అరవనన్నారు. అన్నారంటే అరవరు. అంటే ఇది సార్ కాదు. కేక వచ్చిందీ గట్టు మీంచి కాదు, తుమ్మచెట్టు మీంచి.

కడుపు కింద ఇసుక అదిరింది. గొండప్ప కాళ్ళు కుడివైపు. బంతి ఎడమవైపు, అప్పుడే దొర్లింది. పొలుసయ్య విచ్చుకున్నాడు. చూడకుండానే తోకతో ఎడమవైపు ఒక్క వేటు వేశాడు. బంతి దుమ్ములోంచి పైకి లేచి, కొయ్యబారి నిలబడ్డ చెంగమ్మ ముందు పడింది.

"చెంగమ్మా, పరిగెత్తు. అది పిట్ట," అన్నాడు. అని, ఎవరూ చెప్పనిది ఇంకొకటి చేశాడు. మళ్ళీ గుండ్రంగా చుట్టుకుని, గొండప్ప కాళ్ళ ముందుకి తనే దొర్లుకుంటూ వెళ్ళాడు.

"అదిగో బంతి, తన్నరా గొండప్పా!" మెత్తప్ప గంతులేశాడు.

గొండప్ప ఉన్న బలమంతా పెట్టి తన్నాడు. కాలి వేళ్ళు పటపటమన్నాయి. గుండ్రటిది గాల్లో తిరిగి గోల్లో పడింది. పల్లపుగట్టు అంతా ఒక్కసారి లేచింది. జట్టంతా గొండప్ప మీద పడి కౌగిలించుకుంది. అవతలి గోల్ దగ్గరి కొండముచ్చు కూడా వాగంతా అడ్డంగా పరిగెత్తుకొచ్చి పల్టీలు కొట్టాడు. గొండప్ప ఒంటికాలి మీద ఏడుస్తూ నవ్వాడు. ఆ సందట్లో, ఎవరూ లేని అవతలి సగంలో, చెంగమ్మ బంతిని నెమ్మదిగా, ముట్టెతో తోసినంత మెల్లగా, ఖాళీ గోల్లోకి దొర్లించింది. సూర్యుడు కొండకి తగిలాడు.

తాబేలు మెడ అటు తిప్పాడు. ఇటు తిప్పాడు. ఆయన మెడ తిరగడానికి టైం పడుతుంది.

"మాదే ముందు," అన్నాడు మెత్తప్ప, రొప్పుతూ. "రాయండి రిఫరీగారూ."

"అటు చూస్తే ఒక బంతి ఉంది. ఇటు చూస్తే ఒక బంతి ఉంది. ఇచ్చిన బంతి ఒక్కటే కదా. దాన్ని ఇలా తెమ్మనండి."

మెత్తప్ప తనే వెళ్ళి, గోల్లో ఉన్నదాన్ని రెండు చేతులా ఎత్తుకున్నాడు. అది విచ్చుకుంది.

"మెల్లగా మామా," అంది. "నడుం పట్టేసింది."

ఆ నవ్వు బుగ్గవాగు పొడుగునా పాకింది. గట్టు మీద కోరప్ప సంతోషం పట్టలేక కందగడ్డ మింగేశాడు. ఎక్కిళ్ళు వస్తుండగా ఇసుకలోకి దిగి పొలుసయ్యని వెతుక్కుంటూ వచ్చాడు.

"దొర్లమని నీకెవరు చెప్పారురా?"

"ఎవరూ చెప్పలేదు సార్."

కోరప్ప అతన్ని ఎత్తి గట్టిగా కావలించుకున్నాడు. ఎక్కిళ్ళు ఆగడానికే అని తర్వాత అందరితో చెప్పుకున్నాడు.

మర్నాడు తెల్లారగానే మిట్టగట్టువాళ్ళు మడుగుకి దిగారు. పొలుసయ్య చిన్న చెల్లెలు తేటనీళ్ళలో తన మొహం చూసుకుని బెదిరి, చుట్టుకుని, మళ్ళీ విచ్చుకుని తాగింది. ఒడ్డు మీద మెత్తప్ప నాలుక చాపుకుని కూర్చున్నాడు.

"దున్నయ్యగారూ, ఒక్కటి చెప్పండి. అసలు మీ జట్టు కోచ్ ఎవరు? అరిచేవాడా, ముద్దుచేసేదా?"

"ముందు మమ్మల్ని తాగనీ," అన్నారు దున్నయ్యగారు. "తర్వాత కాస్త దొర్లనీ. తర్వాత తీరిగ్గా తొక్కనీ. అప్పుడు దిగి తాగుతూ ఆలోచించుకో."

భయపడినవాడు చెప్పింది కూడా చేయలేడు. నమ్మినవాడు చెప్పనిది కూడా చేస్తాడు.

కథ అయిపోయింది, కలం మూద్దామనుకున్నాను. కానీ మా జట్టులో గోల్ దగ్గర నిలబడే ఇందుమతి గుర్తొస్తోంది. బంతి దగ్గరికొచ్చేసరికి ఆ పిల్ల కళ్ళు మూసుకుంటుంది. చూసేవాళ్ళందరికీ తెలుసు, అవతలి జట్లకి తెలుసు, ఆ పిల్లకి తప్ప. నొచ్చుకుంటుందేమోనని నేను "బాగా ఆడావమ్మా" అంటూ వస్తున్నాను. ఎల్లుండి మాకు జిల్లా ఆట. ఇంకా తొమ్మిది కాలేదు, మేలుకునే ఉంటుంది. ఫోన్ చేస్తాను. ఉన్నది చెబుతాను. కానీ అంతకన్నా ముందు, బంతి వచ్చేటప్పుడు నీకేమవుతుందే అని అడుగుతాను.